నక్క నానార్థాలు

మనుష్యుని పొగడడానికి తెలుగువానికి సింహం ఉన్నది. తెగడడానికి గాడిద ఉన్నది. కాని మనుష్యుడు ఎట్టివాడో ఉన్నది ఉన్నట్లు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం నక్క లేనిదే పని జరగదు. ఇంటిముందు చేతులు కట్టుకొని అవసరానికి మించి వంగేవానిది నక్కవినయం. పొరుగువాని గట్టును ఏటేటా జానెడు చొప్పున జరుపుకొనేవానివి నక్కజిత్తులు. ముసలివాని ఆస్తి కోసం మంచం చుట్టూ తిరిగే దూరపు చుట్టం గోతికాడ గుంటనక్క. తలవని తలంపుగా లాభం పొందినవాడు నక్కతోక తొక్కి వచ్చినవాడు. కలవారిని చూచి తాహతుకు మించిన పెళ్ళి చేసి అప్పుల పాలైనవాడు, పులిని చూచి వాతలు పెట్టుకొన్న నక్క. ఒక్క మృగం పేరు ఇన్ని విధాల మనుష్యులకు సరిపోవడం ఆశ్చర్యమే. అంతకన్న ఆశ్చర్యం, వీటిలో ఒక్కదానికైనా ఆ మృగం ఎంతవరకు బాధ్యురాలు అన్న ప్రశ్న ఎవరూ వేయకపోవడం.

ఈ మాటలు వాడుకలో ఉన్న నేలలలో వీరులపాడు ప్రాంతం ఒకటి. నందిగామ, జగ్గయ్యపేటలతో కూడిన ఈ భాగానికి కృష్ణాజిల్లా మెట్ట అని పేరు. 2022 ఏప్రిల్ నుండి ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. ఎటు చూచినా వరిచేలే కనబడే డెల్టా కాదిది. నల్లరేగడి మీద పత్తి, మిరప, కంది, పెసర. నడుమ నడుమ రాతిబోళ్ళు, తుమ్మలు, రేగుకంపలు. మునేరు, వైరా, కట్టలేరుల ఒడ్డున ఇసుక, తుంగ. నక్క కోరే నేల సరిగా ఇట్టిదే. పగలు దాగడానికి పొద, రాత్రి తిరగడానికి చేను, దాహానికి వాగు ఉంటే దానికి దట్టమైన అడవితో పని లేదు. అందువల్లనే అది పులివలె కథలోని మృగంగా ఉండిపోక, ఊరిపక్కన ఉండే మృగమై, ఊరివారి మాటలోకి ఇంతగా చొరబడింది.

రెండు మృగాలు, ఒక పేరు

మొదట తీర్చవలసిన చిక్కు ఒకటి ఉన్నది. నక్క అనే పేరు కింద తెలుగువారు రెండు వేర్వేరు జంతువులను కలిపివేశారు. ఊరి వెలుపల రాత్రివేళ గుంపుగా ఊళ వేసేది నక్క. కుక్క అంత ఉంటుంది. ఎనిమిది మొదలు పది కిలోల వరకు తూగుతుంది. ఇంగ్లీషువారు దీనిని జాకాల్ అంటారు. బంగారు వన్నె గలది అనే అర్థంలో శాస్త్రజ్ఞులు దీనికి కానిస్ ఆరియస్ అని పేరు పెట్టారు. రెండవది గుంటనక్క. ఇది పిల్లికన్న కొంచెం పెద్దది. బరువు రెండు మూడు కిలోలే. సన్నని మూతి, పెద్ద చెవులు, కొసన నల్లని కుచ్చు గల తోక దీని గుర్తులు. ఇంగ్లీషువారి ఫాక్సుకు చుట్టం ఇదే. శాస్త్రనామం వల్పెస్ బెంగాలెన్సిస్. బయలు నేలలో పలు ద్వారాలున్న బొరియలు తవ్వుకొని ఉంటుంది కనుక దీనికి గుంటనక్క అని పేరు వచ్చింది.

పూర్వపు నిఘంటుకారులకు ఈ భేదం తెలియకపోలేదు. 1852లో వెలువడిన తన నిఘంటువులో సి.పి. బ్రౌను నక్కకు జాకాల్ అనే అర్థం వ్రాశాడు. భారతదేశపు క్షీరదాలపై 1867లో గ్రంథం ప్రకటించిన జెర్డన్, నెల్లూరులో వైద్యుడుగా ఉండి తెలుగు పేర్లు సేకరించినవాడు. ఫాక్సుకు తెలుగులో గుంటనక్క, కొంకనక్క అనే పేర్లు చూపాడు. తరువాత పాఠశాలల వాచకాలలోకి ఈసపు కథలు వచ్చాయి. ద్రాక్షతోటలోకి దూరిన గ్రీకు ఫాక్సు తెలుగులో నక్కగా మారింది. అందని ద్రాక్షపండ్లు పుల్లన అనే మాట ద్రాక్షతీగ ఎరుగని మెట్ట పల్లెలలో సైతం సామెతగా నిలిచిపోయింది. ఈ విధంగా ఊళ వేసే నక్క, బొరియలోని గుంటనక్క, గ్రీసు దేశపు ఫాక్సు మూడూ ఒక్క మాటలో కలిసిపోయాయి. ఒకదాని అపకీర్తి మరొకదానికి అంటుకొన్నది.

గుంటనక్క విషయంలో మరొక పొరపాటు కూడా జరిగింది. గుంట అనగా అది స్వయంగా తవ్వుకొన్న బొరియ. లోకం ఆ గుంటను శ్మశానంలోని గోతిగా భావించింది. శవం కోసం కాచుకొని కూర్చున్నదని గోతికాడ నక్క అనే నుడికారం పుట్టింది. నిజానికి గుంటనక్క తిండి ఎలుకలు, చెదలు, మిడతలు, ఎండ్రకాయలు, పిట్టలు, రేగుపండ్లు. కళేబరాలను ముట్టేది ఊళనక్క. తిట్టు పడేది మాత్రం గుంటనక్క.

కోసు దూరం, నక్క కూత

నక్కకు దక్షిణాది భాషలలో చుట్టాలున్నారు. తమిళులు, కన్నడిగులు, తుళువారు దీనిని నరి అంటారు. మలయాళదేశంలో కొన్ని చోట్ల నరి అంటే పులి. నక్కి ఉండడం, నక్కి చూడడం అనే క్రియకూ ఈ పేరుకూ గల ధ్వనిసామ్యం వల్ల తెలుగువాని చెవికి నక్క అనగానే దాగి పొంచి ఉన్న ఆకారం తోచడం సహజం.

సంస్కృతం దీనికి పెట్టిన పేర్లు రెండు తెగలు. వంచకము, భూరిమాయము, మృగధూర్తకము అనేవి గుణాన్ని నిందించే పేర్లు. అమరకోశం వీటిని నిస్సంకోచంగా పర్యాయపదాల వరుసలో కూర్చింది. తిట్టు పేరుగా మారడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. క్రోష్టువు, ఫేరవము, గోమాయువు అనేవి కేవలం కూతను బట్టి వచ్చినవి. గోవువలె అరచేది గోమాయువు. ఋగ్వేదంలోని మండూకసూక్తంలో ఇదే మాట కప్పకు విశేషణంగా కనిపిస్తుంది. క్రోష్టువు అరపు అని అర్థమిచ్చే క్రుశ్ ధాతువునుండి పుట్టింది. ఒక కేక వినబడేంత దూరానికి క్రోశమనే పేరు వచ్చినదీ ఆ ధాతువునుండే. ఆ క్రోశమే తెలుగువాని కోసు. అందుచేత పొరుగూరు కోసెడు దూరమని చెప్పే రైతు, తనకు తెలియకుండానే నక్క తోబుట్టువును పలుకుతున్నాడు.

వీటన్నిటిలో వింతైన పేరు శివా. స్త్రీలింగమైన ఈ మాటకు పార్వతి, జమ్మి, కరక్కాయ అనే అర్థాలతోబాటు నక్క అనే అర్థం కూడా ఉన్నది. మంగళకరమైన పేరు అమంగళమని భయపడే మృగానికి పెట్టడం, పాము అనకుండా పురుగు అనడం వంటి జాగ్రత్తయే కావచ్చు. నక్క కూత ఏ దిక్కున వినబడితే ఏ ఫలమో చెప్పడానికి వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశాడు.

శృగాలమనే మాట మాత్రం ఈ దేశంలో ఊరక ఉండలేదు. పారశీకంలో శగాల్ అయింది; తురుష్కుల నోట చకాల్ అయింది; ఫ్రెంచివారి మీదుగా ఇంగ్లీషులో జాకాల్ అయి, ఓడలెక్కి మచిలీపట్నం రేవులో దిగింది. సింహానికి వేట చూపి మిగిలినది తినే సేవకుడని యూరపువారు జాకాల్‌కు కల్పించిన అర్థం కూడా దానివెంట వచ్చింది. పుట్టింటినుండి వెళ్ళిన మాట కొత్త అపవాదుతో తిరిగి వచ్చినదన్నమాట.

ఇంగ్లీషువారి ఫాక్సు సైతం కృష్ణాజిల్లాకు ఒక మనుష్యుని పేరుగా వచ్చింది. రాబర్ట్ నోబుల్‌తో కలిసి 1841లో మచిలీపట్నం చేరి తెలుగు మిషను ప్రారంభించిన మతబోధకుని పేరు హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఆయన ముప్పదియొక్క ఏండ్లకే, 1848లో మరణించాడు. తెలుగులో నక్కా అనే ఇంటిపేరు ఉన్నట్లే ఇంగ్లీషులో ఫాక్స్ అనే ఇంటిపేరు ఉన్నది. ఇంటిపేరైనప్పుడు ఏ భాషలోనూ ఆ మాటకు జిత్తులు అంటవు.

కరటకుడు, దమనకుడు, మరొక నక్క

నక్కకు జిత్తులమారి అనే బిరుదు నిచ్చినది ముఖ్యంగా పంచతంత్రం. సింహానికీ ఎద్దుకూ నడుమ స్నేహం చెరిచిన కరటక దమనకులు నక్కలు. పదునైదవ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి, ఆ తరువాత బైచరాజు వేంకటనాథకవి పంచతంత్రాన్ని పద్యాలలో తెలిగించారు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం వచనంలో వ్రాసిన నాటినుండి తెలుగు చదివిన ప్రతి విద్యార్థికీ ఈ నక్కలతో పరిచయం తప్పలేదు. ఆ కథలే ఆరవ శతాబ్దంలో పారశీకానికీ, ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా చేతిమీదుగా అరబ్బీకీ వెళ్ళాయి. అక్కడ గ్రంథానికి పేరే కలీలా, దిమ్నా. అవి కరటక దమనకుల పేర్లకు వచ్చిన వికారాలు. నీలిబానలో పడి రంగు మారి రాజైన నక్క, జాతివారి ఊళ వినగానే తానూ ఊళ వేసి గుట్టు బయట పెట్టుకొన్న కథ కూడా పంచతంత్రంలోనిదే.

కాని మన వాఙ్మయంలోనే ఈ కథకు సమాధానం వంటి కథ మరొకటి ఉన్నది. అది లోకానికి ఎక్కలేదు. భారతంలోని శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పినది. పౌరికుడనే క్రూరుడైన రాజు మరుజన్మలో నక్కగా పుడతాడు. పూర్వజన్మ జ్ఞాపకముండడంచేత మాంసం విడిచి, శ్మశానంలోనే ఉంటూ, రాలిన పండ్లు తిని బ్రతుకుతాడు. తోటి నక్కలు నవ్వితే, ఉండే చోటు కాదు, నడిచే నడతయే ధర్మానికి కారణమని సమాధానం చెబుతాడు. అతని శీలాన్ని విని పులిరాజు పిలిచి మంత్రిపదవి ఇస్తాడు. లంచాలకు అలవాటుపడిన పాత కొలువువారికి ఇది కంటగింపవుతుంది. రాజు కోసం ఉంచిన మాంసం దొంగిలించి నక్క ఇంట దాచి, దొంగ మంత్రియే అని చూపుతారు. పులి తొందరపడి చంపుమంటాడు. పులితల్లి అడ్డుపడి విచారణ చేయమంటుంది. నక్క నిర్దోషి అని తేలుతుంది. రాజు బ్రతిమాలినా, ఒకసారి అవమానించి తరువాత ఆదరించే చోట నమ్మకం నిలవదని చెప్పి నక్క అడవికి పోయి నిరశనవ్రతంతో దేహం విడుస్తుంది.

ఈ కథలో జిత్తులు ఉన్నాయి; కాని అవి నక్కవి కావు. నింద ఉన్నది, అది నక్కమీద పడినది. దమనకుని కథ సామెతలలో నిలిచి, ఈ కథ పుస్తకంలోనే ఉండిపోవడానికి కారణం వెదకడం కష్టం కాదు. లోకానికి తిట్టుకు ఒక మృగం కావాలి. నీతిమంతుడైన నక్క ఆ పనికి పనికిరాదు.

సామెతల నక్క

తెలుగు సామెతలు నక్కను ఎప్పుడూ మోసగత్తెగానే చూపలేదు. కొన్నింటిలో అది కేవలం అల్పప్రాణి. నక్కకూ నాకలోకానికీ ఉన్న దూరమన్నప్పుడు నాకమనగా స్వర్గం. శ్మశానంలో తిరిగే ప్రాణి ఎక్కడ, దేవతలుండే చోటు ఎక్కడ అని భావం. నాకం మరుగుపడి జనం నోట నాగలోకమైనా సామెతకు లోటు రాలేదు. నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ ఎరుగనన్నదట అనేది అనుభవం చాలని గొప్పలకు వేసిన దెబ్బ. 2023 జులైలోను, 2024 సెప్టెంబరులోను మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు రహదారిని ముంచినది చూచినవారికి ఈ సామెతలోని హాస్యం వెంటనే తెలుస్తుంది. వానను కొలవడానికి ఒక్క వయస్సు చాలదు.

పిల్లల కథలలో నక్క నక్కబావ అవుతుంది. ఎలుగుబంటి మామ అయినచోట నక్క బావ కావడం ఊరక జరిగినది కాదు. తెలుగింట పరిహాసానికి హక్కు గల వరుస అదే. మోసం చేసినా నవ్వి ఊరుకొనే చుట్టరికంలో నక్కను చేర్చుకొన్నవారు దానిని పూర్తిగా ద్వేషించినవారు కారు. ఎండా వానా కలిసి వస్తే కుక్కకూ నక్కకూ పెళ్ళి అని పిల్లలు చప్పట్లు చరుస్తారు. అట్టి సమయంలో బెంగాలీలు నక్కకు పెళ్ళి అనుకొంటారు. జపానువారు నక్కపెళ్ళి ఊరేగింపు అనుకొంటారు.

మొక్కలకు సైతం ఈ పేరు తగిలింది. వంటకు రాని అడవి ఉల్లికి నక్కవుల్లి అని పేరు. కుక్కతులసివలె ఇక్కడ నక్క అనగా అసలైనది కానిది, ఊరిది కానిది అని అర్థం. మెట్టలో పూర్వం విరివిగా పండిన కొర్రకు వెన్ను ఆకారాన్ని బట్టి ఇంగ్లీషువారు నక్కతోక పేరు పెట్టారు. ఊరిపేర్లలో అనకాపల్లి జిల్లా నక్కపల్లి ఉన్నది. ఏరుల పేర్లలో పటాన్‌చెరువు కర్మాగారాల మురుగుతో ప్రసిద్ధికెక్కిన నక్కవాగు ఉన్నది.

తోక తొక్కడం, కొమ్ము కొనడం

అదృష్టానికి నక్కను ముడిపెట్టడం దక్షిణాది అంతటా ఉన్నదే. తెలుగువాడు నక్కతోక తొక్కితే, తమిళుడూ కన్నడిగుడూ నక్కముఖం చూచి నిద్ర లేస్తారు. ఈ నమ్మకం ఒక వ్యాపారానికి దారి తీసింది. నక్కలగుంపుకు నాయకమైన నక్క తలమీద చిన్న కొమ్ము ఉంటుందనీ, అది ఇంట ఉంటే సకల కార్యాలూ సిద్ధిస్తాయనీ చెప్పి నక్కకొమ్ము అమ్మేవారు. సింహళంలో ఈ నమ్మకాన్ని టెనెంట్ అనే దొర 1861లోనే గ్రంథస్థం చేశాడు. నక్కకు కొమ్ము మొలవదు. తలపుర్రె ఎముకకు తోలు అతికించి చేసిన వస్తువే అంగడికి వస్తుంది. ఆ మోసంలో నక్క పాత్ర చచ్చిపోవడమే.

ఈ వేటకు ముడిపడి ఒక మానవసమూహానికే నక్క పేరు అంటుకొన్నది. తెలుగునాట నక్కలవారు, తమిళనాట నరిక్కురవలు అనే సంచారులు ఇంట మాట్లాడేది వాగ్రి అనే భాష. అది గుజరాతీకి దగ్గరిది. వలలు పన్ని పిట్టలను, నక్కలను పట్టి, పూసలు, సూదులు అమ్మి బ్రతికినవారు. ఇతరులు పెట్టిన పేరే వారికి ప్రభుత్వ పత్రాలలో సైతం పేరైంది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో నక్కల, కుర్వికారన్ అనే పేర్లు 2003 నాటి చట్టంతో చేరాయి. తమిళనాడులో అదే గుర్తింపు 2023 జనవరిలో గాని రాలేదు. మృగాన్ని తిట్టితే అది వినదు. మృగం పేరుతో పిలువబడిన పిల్లవాడు బడిలో వింటాడు. నక్క అనే మాటకు గల బరువు అక్కడ తెలుస్తుంది.

చేను వైపు నుండి చూచినప్పుడు

మాటలను పక్కకు పెట్టి రైతు లెక్కన చూస్తే నక్క పద్దు వేరుగా ఉంటుంది. అది చెరకు కొరుకుతుంది, మొక్కజొన్న కంకి విరుస్తుంది, అదనులో కోడిపిల్లనూ గొర్రెపిల్లనూ ఎత్తుకొనిపోతుంది. ఇది ఖర్చు. ఏడాది పొడుగునా పొలంలో ఎలుకలను తింటుంది, ఊరవతల పడవేసిన కళేబరాన్ని శుభ్రం చేస్తుంది. ఇది జమ. పందికొక్కు, ఎలుక మినుములో, పెసరలో చేసే నష్టం ఎరిగినవానికి ఈ జమ చిన్నది కాదు. గుంటనక్క పద్దులో జమయే ఎక్కువ.

సంసారం మాటకు వస్తే, ఈ వంచకము ఏకపత్నీవ్రతుడు. నక్క, గుంటనక్క రెండూ జతగా బ్రతికి, తల్లీ తండ్రీ కలిసి పిల్లలను సాకుతాయి. ముందటి ఈత నక్కపిల్లలు కొన్ని తల్లిదండ్రుల దగ్గరనే ఉండి చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ తిండి తెచ్చిపెట్టడం కూడా జంతుశాస్త్రజ్ఞులు చూచినదే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేడు ఈ రెంటినీ వేటాడడం, వాటి అవయవాలను అమ్మడం నేరం. కాని వేటకాని వల కన్న ఎక్కువ చేటు చేసేవి వేరే ఉన్నాయి. బీడు చేను అవుతున్నది. రాతిబోడు కంకర అవుతున్నది. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి నేల సిమెంటు అవుతున్నది. ఎలుకలకు పెట్టిన మందు ఎలుకను తిన్న నక్కను చంపుతుంది. అడవిపందికి పన్నిన ఉచ్చు, కంచెకు దొంగతనంగా ఇచ్చిన కరెంటు ఎవరు వచ్చారని అడగవు. బొరియ తవ్వుకొని ఒకేచోట పిల్లలను పెంచే గుంటనక్కకు నాగలి కన్న ట్రాక్టరు పెద్ద శత్రువు.

మృగం వెళ్ళిపోయినా మాట ఉంటుంది. పులిని ఎన్నడూ చూడని ఊళ్ళో పులి సామెతలు నేటికీ చెల్లుతున్నాయి. కాని చూచిన మృగాన్ని గూర్చి చెప్పిన మాటకు ఎదురు చెప్పేవాడు ఒకడైనా ఉంటాడు. చూడని మృగాన్ని గూర్చి ఎంత అపవాదు వేసినా చెల్లుతుంది. నక్కవినయం చూపేది మనుష్యుడు, జిత్తులు పన్నేది మనుష్యుడు, గోతికాడ కాచుకొనేది మనుష్యుడే. వీరులపాడు చేలలో రాత్రివేళ ఊళ వినబడినంతకాలం, ఆ మాటలకు అసలు సొంతదారు ఎవరో తెలుసుకొనే అవకాశం వినేవానికి మిగిలే ఉంటుంది.